మనిషిని ఎంచుకునే హక్కు ఇచ్చారు, జీతం సంగతి చూడాలి

అమెరికాలో తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా మెడికెయిడ్ కింద ఇంటి దగ్గర సేవలు పొందేవారు ఏజెన్సీ పంపిన మనిషితోనే సర్దుకోనక్కర్లేదు. చాలా రాష్ట్రాల్లో నచ్చినవారిని తామే పెట్టుకోవచ్చు, వేళలు తామే చెప్పొచ్చు, కుదరకపోతే మాన్పించొచ్చు. మంచం మీంచి వీల్‌చైర్‌లోకి ఏ పక్కనుంచి లేపితే నొప్పి ఉండదో ఆ ఇంటివాళ్లకే తెలుస్తుంది కదా. 1998లో ఆర్కాన్సాలో మొదలై న్యూజెర్సీ, ఫ్లోరిడాల్లోనూ నడిచిన ‘క్యాష్ అండ్ కౌన్సెలింగ్’ (సేవల డబ్బుతో మనుషుల్ని తామే పెట్టుకునే వీలిచ్చిన) ప్రయోగంలో తీరని అవసరాలు తగ్గాయి, సంతృప్తి పెరిగింది. భయపడినట్టు భద్రత దెబ్బతినలేదు.

చిక్కంతా జీతం దగ్గరే. ఎవరిని పెట్టుకోవాలో ఇంటివాళ్లు చెబుతారు, డబ్బు మాత్రం పేరోల్ చూసే మధ్యవర్తి సంస్థ నుంచి వస్తుంది. ఐ-9 (పని అనుమతి రుజువు), డబ్ల్యూ-4 (జీతంలో పన్ను కోతకు) పత్రాలు, రాష్ట్రం అడిగితే నేరచరిత్ర తనిఖీ పూర్తికాకముందే పని మొదలుపెడితే ఆ గంటలకు డబ్బు రాకపోయే ప్రమాదం ఉంది. 2016 నాటి క్యూర్స్ చట్టం ప్రకారం ప్రతిసారీ ఆరు వివరాలు ఎలక్ట్రానిక్‌గా నమోదు కావాలి: ఏ సేవ, ఎవరికి, ఎవరు చేశారు, ఏ తేదీ, ఎక్కడ, మొదలైన, ముగిసిన వేళలు. వెళ్లేటప్పుడు పని ముగిసిందని ఫోన్‌లో నమోదు (క్లాక్-అవుట్) చేయడం మరిస్తే ఆ రోజు లెక్క ఆగిపోతుంది, దాన్ని చేత్తో సరిదిద్దించుకోవాలి. వారానికి 40 గంటలు దాటితే సాధారణంగా ఒకటిన్నర రెట్ల వేతనం ఇవ్వాలి. బడ్జెట్ స్థిరంగా ఉన్నచోట ఆ అదనపు ఖర్చుతో నెల పూర్తికాకముందే గంటలు అయిపోతాయి. అందుకే గంటల్ని మొదటి నుంచీ ఇద్దరికి పంచడం మేలు.

న్యూయార్క్ అనుభవం చూడండి. వందలాది మధ్యవర్తి సంస్థల స్థానంలో 2025 ఏప్రిల్ 1 నుంచి ఒకే సంస్థను పెట్టాలని రాష్ట్రం నిర్ణయించింది. గడువుకి ఎందరో కొత్త సంస్థలో నమోదు కాలేదు, జీతాలు ఆగిపోయాయన్న ఫిర్యాదులతో వ్యవహారం ఫెడరల్ కోర్టుకెక్కింది. దుబారా అరికట్టాలని రాష్ట్రం అనుకోవడం తప్పు కాదు. కానీ పాత పద్ధతి కొంతకాలం పక్కనే నడవకుండా కొత్తదానికి మారితే ఆ భారం తక్కువ జీతగాళ్ల మీదే పడుతుంది. ఇది ముందే ఊహించాల్సింది.

అక్కడి మన తెలుగు కుటుంబాలు గమనించాల్సిన మాటొకటి. గ్రీన్‌కార్డుపై వచ్చిన తల్లిదండ్రులకు చాలావరకు మొదటి ఐదేళ్లు ఫెడరల్ మెడికెయిడ్ వర్తించదు. అర్హత వచ్చాక కూడా, విజిటర్ వీసాపై వచ్చిన బంధువుని గానీ, పని అనుమతి లేని హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగి భార్యకిచ్చే వీసా) కోడలిని గానీ జీతానికి పెట్టుకోకూడదు. భార్య లేదా భర్త విషయంలో న్యూయార్క్ ససేమిరా అంటుంది, కాలిఫోర్నియా కొన్ని షరతులతో ఒప్పుకుంటుంది.

పెట్టుకున్న మనిషికి జ్వరమొస్తే ఎవరు వస్తారన్నది మొదటి రోజే తేల్చుకోవాలి. ఆ రెండో మనిషి పత్రాలు కూడా ముందే పూర్తిచేసి ఉంచాలి, లేకపోతే అవసరమైన రోజున వచ్చినా జీతం ఇప్పించే దారి ఉండదు.