లూపస్ ఉన్న యువతి గుండెను ఎవరు చూస్తున్నారు?

32 ఏళ్ల మహిళ ఛాతీలో బరువుగా ఉందని, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తోందని ఆసుపత్రికి వెళితే, మన దగ్గర చాలాచోట్ల ముందుగా వినిపించే మాట ‘గ్యాస్ అయి ఉంటుంది’. ఈ వయసులో, అందులోనూ ఆడవాళ్లకు గుండెపోటేమిటన్న నమ్మకం అంత బలంగా నాటుకుపోయింది. ఆమెకు లూపస్ (రోగ నిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదే దాడి చేసే ఆటోఇమ్యూన్ వ్యాధి) ఉందన్న ఒక్క సంగతి తెలిస్తే ఆ అంచనా తలకిందులు కావాలి. చాలాసార్లు కావడం లేదన్నదే నా ఆవేదన.

ఇది కొత్తగా తెలిసిన విషయమేమీ కాదు. లూపస్ రోగుల మరణాలు రెండు దశల్లో ఉంటున్నాయని, తొలినాళ్లలో వ్యాధి తీవ్రత, ఇన్ఫెక్షన్లు ప్రాణం తీస్తుంటే ఏళ్లు గడిచాక గుండెపోటు ఆ పని చేస్తోందని టొరంటో వైద్యుడు ముర్రే యురోవిట్జ్ బృందం 1976లోనే చెప్పింది. 35-44 ఏళ్ల మధ్య లూపస్ మహిళలకు గుండెపోటు ముప్పు అదే వయసు సాధారణ మహిళల కంటే 50 రెట్లకు పైగా ఉందని 1997లో పిట్స్‌బర్గ్ పరిశోధకులు లెక్క తేల్చారు. ఆ వయసు మహిళల్లో గుండెపోటు బాగా అరుదు కాబట్టి, 50 రెట్లన్నా రోగుల సంఖ్య తక్కువే ఉంటుంది. భయపడి నిద్ర మానుకోవాల్సిన పని లేదు. కానీ పట్టించుకోకుండా వదిలేయడానికి అది కారణం కాకూడదు. బ్రిటన్‌లో 2.2 కోట్ల మంది వైద్య రికార్డులను పరిశీలించి, లూపస్ సహా 19 ఆటోఇమ్యూన్ వ్యాధులపై 2022లో లాన్సెట్ వైద్య పత్రికలో వెలువరించిన అధ్యయనం కూడా ఇదే చెప్పింది: గుండె, రక్తనాళాల జబ్బుల ముప్పు మొత్తం మీద ఒకటిన్నర రెట్లు పెరిగితే, 45 ఏళ్ల లోపు వారిలో 2.3 రెట్లు పెరిగింది.

కారణం రోగ నిరోధక వ్యవస్థలోనే ఉంది. సొంత శరీరం మీదే దాడికి దిగిన ఆ వ్యవస్థ కీళ్లలోనో, చర్మంలోనో పుట్టించే ఇన్‌ఫ్లమేషన్ (వాపు, మంట) రక్తనాళాల లోపలి పొరనూ ఏళ్ల తరబడి ఒరిపిడి పెడుతుంది. దెబ్బతిన్న ఆ పొరలోకి కొవ్వు సులువుగా చేరుతుంది. కొందరిలో ఉండే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతాయి. కిడ్నీలకు జబ్బు పాకితే బీపీ పెరుగుతుంది. ఎక్కువ మోతాదులో, ఎక్కువ కాలం వాడే స్టెరాయిడ్లు బీపీని, షుగర్‌ను, కొవ్వును మరింత పెంచుతాయి. వ్యాధిని అణచడానికి అవి ఒక్కోసారి తప్పనిసరి అయినా, వీలైనంత త్వరగా మోతాదు తగ్గించడం గుండె వైద్యంలో కూడా భాగమే.

గుండె ముప్పును లెక్కగట్టే పాత పద్ధతులు వయసుకే పెద్దపీట వేస్తాయి కాబట్టి ఈ యువతులు ఎప్పుడూ ‘తక్కువ ముప్పు’ గడిలోనే పడతారు. బ్రిటన్‌లో 2017లో వచ్చిన క్యూరిస్క్3 అనే కొత్త పద్ధతి మాత్రం లూపస్‌ను, స్టెరాయిడ్ వాడకాన్ని కూడా లెక్కలోకి తీసుకుంది. దక్షిణాసియా వాసులకు తొలి గుండెపోటు మిగతా దేశాల వారికంటే ముందే వస్తుందని 2004 నాటి ఇంటర్‌హార్ట్ అధ్యయనం తర్వాతి విశ్లేషణలు చూపాయి. అలాంటి మన దగ్గర ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువే అవసరం.

లూపస్ రోగి ఫైలు తెరిచి చూడండి. వ్యాధి తీవ్రతను, కిడ్నీల పనితీరును చూపే ఈఎస్ఆర్, క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్, యాంటీ డీఎస్‌డీఎన్ఏ రిపోర్టులు వరసగా ఉంటాయి; కొలెస్ట్రాల్ రిపోర్టు కోసం పేజీలు తిప్పుతూ పోవాలి. లూపస్‌కు చికిత్స చేసే కీళ్ల వైద్యుడు (రుమటాలజిస్టు) అది గుండె డాక్టరు పని అనుకుంటే, రోగికి ఇంకా గుండె డాక్టరుతో పని పడలేదు. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ కొలతలను ఏటా ఆ ఫైలులోనే చేర్చే బాధ్యత రుమటాలజీ ఓపీదే కావాలి. కళ్లు పోతాయన్న భయంతో చాలామంది సొంతంగా మానేసే లూపస్ మాత్ర హైడ్రాక్సీక్లోరోక్విన్ విషయంలోనూ వివరంగా మాట్లాడాలి. ఆ మాత్ర వ్యాధిని అదుపులో ఉంచడమే కాక రక్తం గడ్డకట్టే ముప్పునూ తగ్గిస్తుందని, కంటికి హాని జరుగుతుంటే క్రమం తప్పని పరీక్షల్లో ముందే పట్టుకోవచ్చని రోగికి ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి.

ఇక ఛాతీలో బరువు మొదలైన రోజున, గ్యాస్ మాత్ర చేతిలో పెట్టకముందే ‘నాకు లూపస్ ఉంది, ఈసీజీ తీయండి’ అని ఆ యువతి మొహమాటం లేకుండా అడగాలి. మొదటి ఈసీజీ మామూలుగా వచ్చినంత మాత్రాన ఇంటికి పంపకుండా, గుండె కండరం దెబ్బతిందేమో చూపే ట్రోపోనిన్ రక్త పరీక్ష చేసి, కొన్ని గంటల తర్వాత అవసరాన్ని బట్టి రెండూ మళ్లీ చూడాల్సింది వైద్యులే.