కాటా ఎక్కని సామాను

మన దేశంలో రైలు సామాన్ల నిబంధనంత మర్యాదస్తురాలైన నిబంధన ఇంకోటి లేదని నా గట్టి నమ్మకం. దశాబ్దాలుగా ఉంది. ఎవరి కంటా పడకుండా, ఎవరినీ పల్లెత్తు మాట అనకుండా, ఓ మూల కూర్చుని తన పని తాను చేసుకోకుండా ఉంది. మూడు నాలుగేళ్లకోసారి మాత్రం నిద్ర లేచి, ఒళ్లు విరుచుకుని, నేనింకా ఉన్నాను సుమా అంటుంది, దేశమంతా కాస్త టెన్షన్ పడగానే తృప్తిగా మళ్లీ ముసుగు తన్నేస్తుంది.

2018 జూన్‌లో ఇలాగే లేచింది. సామాను ఎక్కువైతే మామూలు లగేజీ ఛార్జీకి ఆరు రెట్లు వసూలు చేస్తామన్నారు, పేపర్లలో పెద్ద పెద్ద హెడ్డింగులు, టీవీల్లో చర్చలు, ఆ వెంటనే "అబ్బే, ఇది ఊరికే అవగాహన కోసం" అన్నారు. 2022లో రైల్వే శాఖ ట్విట్టర్లోకొచ్చి సామాను ఎక్కువైతే ప్రయాణంలో ఆనందం సగమైపోతుందని హితవు చెప్పింది, జనం ఉలిక్కిపడ్డారు, అప్పుడు కొత్తగా ఏమీ మార్చలేదు, పదేళ్లకు పైగా ఉన్నదే అని వివరణ వచ్చింది. 2025 ఆగస్టులో ఇంకాస్త జోరుగా లేచింది. ఎయిర్‌పోర్టుల్లో లాగా స్టేషన్లలో కాటాలు పెడతారట, పెట్టె తూచాకే ప్లాట్‌ఫారం మీదికి పంపిస్తారట అని వాట్సాప్ నిండా అదే గోల. రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ కొత్త నిబంధనేదీ లేదు, ఎప్పటినుంచో ఉన్నదే అని చెప్పాక గోల సద్దుమణిగింది. అదే ఏడాది డిసెంబర్లో మన నెల్లూరు ఎంపీ వేమిరెడ్డి ప్రభాకర్ రెడ్డి గారు ఇదే విషయం లోక్‌సభలో అడిగితే, మంత్రిగారు ఏ తరగతికి ఎన్ని కేజీలో వరసగా రాసిచ్చారు. అదనపు సామానుని ముందే బుక్ చేసుకుంటే ఛార్జీ ఒకటిన్నర రెట్లు, చేసుకోకుండా దొరికితే ఆరు రెట్ల దాకా. అది చదివాక రైల్వే మీద నా గౌరవం ఒకటిన్నర రెట్లు పెరిగింది. ఆరు రెట్లు అనొచ్చు గానీ, ముందుగా బుక్ చేసుకున్న గౌరవానికి ఒకటిన్నర రెట్లే.

లెక్క ఇలా ఉంది. ఫస్ట్ ఏసీలో వెళ్లేవారికి 70 కేజీలు ఉచితం, డబ్బు కడితే మొత్తం 150 దాకా తీసుకెళ్లొచ్చు. సెకండ్ ఏసీకి 50, కడితే 100. స్లీపర్‌కి 40, కడితే 80. సెకండ్ క్లాసుకి, అంటే మన జనరల్ బోగీకి, 35, కడితే 70.

ఇందులో ఉన్న ధర్మసూక్ష్మం చాలామందికి ఎక్కలేదు. ఫస్ట్ ఏసీ దిగేవాళ్లని ఎప్పుడైనా గమనించారా? చేతిలో ఫోను, నీళ్ల బాటిలు, మహా అయితే చిన్న చక్రాల పెట్టె. ఆయనకి 70 కేజీలు. పాలమూరు నుంచి ముంబైకో, శ్రీకాకుళం నుంచి చెన్నైకో పనికి వెళ్లే కుటుంబం చాప, బకెట్టు, స్టవ్వు, గిన్నెలు, దుప్పట్లు, పిల్లాడి పుస్తకాల సంచి, మొత్తం సంసారాన్ని మూటకట్టి జనరల్ బోగీ ఎక్కుతుంది. వాళ్లకి మనిషికి 35. ఎవరి దగ్గర సామాను లేదో వాళ్లకి ఎక్కువ, ఎవరికి ఇల్లంతా మూటలోనే ఉందో వాళ్లకి తక్కువ. పైగా జనరల్ బోగీలో కడితే 70 తీసుకెళ్లొచ్చనడం రైల్వేవారి పెద్దమనసు. అక్కడ ఒక కాలు మోపడానికి చోటు దొరికితే రెండో కాలు లగేజీ కింద లెక్క.

ఇక థర్డ్ ఏసీ. దీని దగ్గర మాత్రం నేను చేతులు జోడిస్తాను. స్లీపర్ కంటే రెట్టింపు పైన ఛార్జీ కట్టి ఎక్కే ఈ తరగతిలో ఉచితం 40 కేజీలు, గరిష్ఠం కూడా 40 కేజీలే! మీరు డబ్బు కడతామన్నా వినరు, బతిమాలినా వినరు, 41వ కేజీ బోగీలోకి రాకూడదు, రైలు చివరుండే సామాను పెట్టెలోకే, అంటే బ్రేక్ వ్యానులోకే పోవాలి. అదే స్లీపర్లో అయితే కట్టి 80 దాకా ఎంచక్కా ఎక్కించుకోవచ్చు. అంటే ఎక్కువ డబ్బిచ్చినవాడు సగం సామానుతో సరిపెట్టుకోవాలి, చల్లగాలిలో వస్తువులు వ్యాకోచిస్తాయని ఏ శాస్త్రవేత్త అయినా చెప్పాడేమో.

బరువుతో ఆగితే బాగుండేది, కొలతలు కూడా ఉన్నాయి. మిగతా బోగీల్లో పెట్టె 100 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 25 మందం ఉండొచ్చు. థర్డ్ ఏసీలో, చైర్ కార్లో మాత్రం 55, 45, 22.5. ఆ అర సెంటీమీటరు పెట్టినవారెవరో గానీ చాలా నిష్ఠాపరులు. విమానంలో మన తలపైన అరలో పెట్టుకునే చేతిపెట్టెకి మామూలుగా 55, 35, 25 అంటారు. ఆకాశంలో ఎగరడానికి పనికొచ్చిన పెట్టె, కాజీపేట దాటడానికి పనికిరాదు. మందం రెండున్నర సెంటీమీటర్లు ఎక్కువ. దసరాకి ఊరెళ్లే ఒక్క థర్డ్ ఏసీ బోగీలో టేపు పట్టుకుని దిగితే నేరస్థులు కాని పెట్టె ఒక్కటైనా దొరుకుతుందా అని నా అనుమానం.

మధ్యలో మార్జినల్ అలవెన్స్ అని ఒకటుంది, స్లీపర్లో అయితే ఉచిత కోటా పైన మరో పది కేజీలు. పేరు చూసి పది కేజీలు కలిసొచ్చాయని సంబరపడకండి. అది దానం కాదు, మందలింపులో రాయితీ. స్లీపర్లో 40కి బదులు 48 తెచ్చి దొరికిపోతే ఆ ఎక్కువ బరువుకి ఒకటిన్నర రెట్లు, 50 దాటితే ఆరు రెట్లు. అంటే అత్తగారు చివరి నిమిషంలో "ఇదొక్కటీ పెట్టుకో అమ్మా" అని సంచిలో కుక్కిన ఆవకాయ సీసా మిమ్మల్ని మామూలు పౌరుడి నుంచి ఆరు రెట్ల ముద్దాయిగా మార్చగలదు. అయిదేళ్లు నిండి పన్నెండు నిండని పిల్లలకి పెద్దవాళ్ల కోటాలో సగం. కనుక మామ్మగారిని కాశీ తీసుకెళ్తే పుణ్యానికి పుణ్యం, 40 కేజీల కోటా అదనం. ఈ లెక్క తెలియక ఎంతమంది ముసలివాళ్లని ఇంట్లో వదిలేసి వెళ్తున్నారో.

మరి తూచేదెవరు? ఒకప్పుడు ప్రతి ప్లాట్‌ఫారం మీదా రంగురంగుల లైట్లతో గిర్రున చక్రం తిరిగే బరువు మిషను ఉండేది. రూపాయి వేస్తే అట్టముక్క మీద బరువూ, వెనకాల జాతకమూ వచ్చేది. నాకు తెలిసి ప్లాట్‌ఫారం మీద జనం స్వయంగా డబ్బిచ్చి ఎక్కిన కాటా అదొక్కటే. అది మనుషుల్ని తూచేది. మనుషుల బరువు మీద మాత్రం నిబంధన లేదు.

ఇవన్నీ చదివిన ఉత్సాహంలో చట్టానికి కట్టుబడదామని నేను ఓ పెద్ద జంక్షన్లో లగేజీ ఆఫీసుకి వెళ్లాను. పుణేలో ఉన్న అమ్మాయికి పాతిక కేజీల సన్నబియ్యం బస్తా, ఒక వెట్ గ్రైండరు, ఇవి కాక మా బట్టల పెట్టెలు. థర్డ్ ఏసీ టికెట్టు. కౌంటర్లో ఉన్నాయన నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఏసీ ప్యాసింజరా సార్? మరిక్కడికి వచ్చారేంటి?"

"సామాను బుక్ చేద్దామనండీ. 40 దాటింది."

"ఎవరు తూచారు?"

"నేనే. ఇంట్లో."

ఆయన ముఖంలో కోపం లేదు, జాలి ఉంది. "ఇంట్లో తూచుకుని వచ్చారా! సీటు కింద తోసెయ్యండి సార్, ఎవరడుగుతారు?"

నిబంధన ఉంది కదా అన్నాను. అయితే వినండి అన్నాడు. బస్తాని గట్టిగా ప్యాక్ చేయించాలి, గోనెపట్టా కుట్టించాలి, పట్టా మీద పేరూ ఊరూ రాయించాలి, ఫారం నింపాలి, టికెట్ చూపించాలి, బండి బయల్దేరడానికి కనీసం అరగంట ముందు అప్పగించాలి. ఇంతా చేశాక మీ బండికే ఎక్కుతుందా అంటే చోటుంటే ఎక్కుతుంది, లేకపోతే రేపటి బండికి. రేపు కూడా చోటు లేకపోతే? "మీరు అక్కడికెళ్లాక స్టేషన్‌కి వచ్చి కనుక్కుంటూ ఉండాలి సార్." వచ్చాక వెంటనే తీసుకెళ్లకపోతే వార్ఫేజీ అని ఇంకో ఛార్జీ. బియ్యం ఎప్పుడొచ్చిందో తెలియదు గానీ, దానికి అద్దె మాత్రం మనమే కట్టాలన్నమాట. అంతా చెప్పి చివర్లో మళ్లీ, "అందుకే చెప్తున్నా, సీటు కింద" అన్నాడు. చట్టాన్ని ఇంత క్షుణ్ణంగా తెలిసిన మనిషి, ఇంత నిజాయితీగా దాన్ని మీరమని చెప్పడం నేనెక్కడా చూడలేదు.

చోటెందుకు లేదంటే దానికీ కారణముంది. రైలు చివర గార్డు పెట్టెకి ఆనుకుని సామాను అరలుంటాయి, రైల్వే వాళ్లు ఎస్‌ఎల్‌ఆర్ అంటారు. పాత నీలం బోగీల కాలంలో ఒక్కో అరలో నాలుగు టన్నులు పట్టేది. ఈ అరల్ని టెండర్లు పిలిచి ప్రైవేటు వాళ్లకి లీజుకిస్తున్నారు. రైల్వేకి ఖాయంగా ఆదాయం, అందులో తప్పేం లేదు. చేపల పెట్టెలు, పూల బుట్టలు, తమలపాకుల తట్టలు, బట్టల బేళ్లు, అన్నిటికీ కన్ఫర్మ్ బెర్తులు. ప్రయాణికుడి సామానుకి మాత్రం వెయిటింగ్ లిస్టు. చేపలు తత్కాల్‌లో టికెట్ చేసుకోనక్కర్లేదు, నిజానికి వాటికి నాకంటే మంచి సదుపాయం ఉంది. పైగా ఇదంతా బండి మొదలయ్యే స్టేషన్ మాట. సామర్లకోటలోనో నిడదవోలులోనో ఎక్కేవాడు, రెండు నిమిషాల్లో మనుషులే ఎక్కలేని చోట, బస్తాని రైలు చివరిదాకా మోసుకెళ్లి రసీదు పుచ్చుకుని తిరిగి బి-3 దాకా పరిగెత్తగలిగితే ఆయన్ని లగేజీ ఆఫీసుకి కాదు, ఒలింపిక్స్‌కి పంపాలి.

వందే భారత్ అయితే ఈ బాధ మొదలంటా తీసేసింది. సామాను పెట్టే వ్యానే లేదు. విశాఖ, సికింద్రాబాద్ మధ్య వందే భారత్‌ని 2023 జనవరి 15న, సరిగ్గా సంక్రాంతి రోజున మొదలుపెట్టారు. తెలుగువాళ్లు ఏడాది మొత్తంలో అత్యధిక బరువు మోసే వారంలో, బ్రేక్ వ్యాన్ లేని రైలు! అరిసెల డబ్బా ఒళ్లో పెట్టుకునే వెళ్లాలని కాబోలు.

సరే, ఎలాగో బుక్ చేశారనుకుందాం. పోతే? విలువ ముందే చెప్పి దానికి విడిగా రుసుము కట్టకపోతే లగేజీకి రైల్వే బాధ్యత కేజీకి 100 రూపాయలు. ధర్మవరం పట్టుచీరా కేజీకి 100, పాత దినపత్రికలూ కేజీకి 100. ఇంతటి సమానత్వం రాజ్యాంగం వల్ల కూడా కాలేదు. ఆవకాయ పోయినా అదే రేటు. బజార్లో ఆ డబ్బుకి ఆవకాయ కాదు కదా, అందులో పోసే నూనె కూడా రాదు. పోనీ బుక్ చేయకుండా దగ్గరే పెట్టుకుంటే? 1989 నాటి రైల్వే చట్టం సెక్షన్ 100 ప్రకారం రైల్వే ఉద్యోగి బుక్ చేసి రసీదు ఇవ్వని సామానుకి రైల్వేది పూచీ లేదు. మీ దగ్గరే ఉంచుకున్నది పోతే తప్పు రైల్వేవారిదేనని మీరు రుజువు చేయాలి. ఒక ప్రయాణికుడు నడుముకి కట్టుకున్న లక్ష రూపాయలు రైల్లో పోతే, వినియోగదారుల ఫోరం నుంచి జాతీయ కమిషన్ దాకా ఆయనే గెలిచి, 2023 జూన్‌లో సుప్రీంకోర్టులో ఓడిపోయాడు. తన వస్తువు తాను కాపాడుకోలేకపోతే అది రైల్వే సేవాలోపం కాదన్నారు. చట్టం సంగతి నాకేం తెలుసు గానీ, ప్లాట్‌ఫారం మీద గొలుసులూ తాళాలూ అమ్మే కుర్రాడు ఈ తీర్పు రాకముందే అదే మాట అరుస్తూ తిరిగేవాడు.

కాబట్టి నా ప్రతిపాదన ఏంటంటే, కాటాలు పెట్టొద్దు. దయచేసి పెట్టొద్దు. కాటా పెడితే తూచాలి, తూస్తే ఎక్కువ తేలుతుంది, తేలితే బ్రేక్ వ్యానుకి పంపాలి, పంపితే అక్కడ చేపలుంటాయి. ఇంత గొడవకి బదులు ఇప్పుడున్న పద్ధతే హాయి. సికింద్రాబాద్‌లో బండి కదిలాక టీటీఈ గారు వస్తారు, దారికి అడ్డంగా ఉన్న బస్తాని బూటుతో తట్టి "ఎవరిదండీ ఇది?" అంటారు. ఎనిమిది మంది ఒకేసారి కిటికీలోంచి మౌలాలి వైపు చూస్తారు. ఆయన రెండోసారి అడగరు. బెర్తులన్నీ నిండి కూర్చోడానికి చోటు లేక, కాళ్లు లాగుతుంటే, ఆ బస్తా మీదే కూలబడి, ట్యాబ్ తీసి, వెయిటింగ్ లిస్టు చూడ్డం మొదలుపెడతారు. పై బెర్తు మీంచి పెద్దావిడ ఒకరు మెల్లగా అంటారు, "ఆ చివర కాస్త చూసి కూర్చో నాయనా, అటువైపు అప్పడాలున్నాయి."