టేబుళ్లకు అప్పుడే సెలవు చెప్పకండి
సమాచారాన్ని ఖాతాలు, మనుషుల్లాంటి బిందువులుగా (నోడ్‌లు), వాటి మధ్య లింకులుగా దాచే గ్రాఫ్ డేటాబేస్ వస్తే, వరసలు, గడులుగా దాచే టేబుళ్ల పని అయిపోయినట్టేనని మీ వ్యాసంలో రాశారు. అంత లేదండీ. నెలవారీ మొత్తాలకు, రిపోర్టులకు టేబుళ్లే హాయి. అసలు తేడా మోసాలు పట్టుకునేటప్పుడు తెలుస్తుంది. వేర్వేరు పేర్లున్న ఖాతాలన్నీ ఒకే ఫోన్ నంబరు వాడుతున్నాయా, డబ్బు నాలుగు చేతులు మారి మళ్లీ మొదటి ఖాతాకే చేరుతోందా అని వెతకాలంటే, టేబుళ్లను ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్‌లో జాయిన్ (టేబుళ్లను కలపడం) మీద జాయిన్ రాసేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. గ్రాఫ్ డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష సైఫర్‌లో అదే ప్రశ్న రెండు మూడు లైన్లు. విదేశీ డొల్ల కంపెనీల గుట్టు బయటపెట్టిన లీకు పత్రాలు పనామా పేపర్స్‌లో ఎవరికి ఎవరితో లింకుందో తవ్వడానికి పాత్రికేయులు నియోఫోర్‌జే అనే గ్రాఫ్ డేటాబేస్ వాడింది ఇందుకే. 2024లో గ్రాఫ్ డేటాబేస్‌లకు ఉమ్మడి భాషగా జీక్యూఎల్ అంతర్జాతీయ (ఐఎస్‌ఓ) ప్రమాణంగా వచ్చింది కాబట్టి, ఒకే కంపెనీ భాషకు కట్టుబడిపోతామన్న టెన్షన్ కూడా కొంత తగ్గింది. అయితే లక్షల లింకులున్న నోడ్ ఒక్కటి దారిలో తగిలిందా, క్వెరీ (మనం అడిగిన ప్రశ్న) నత్తనడకే. దాని గురించీ ఒక ముక్క రాయాల్సింది.