సవరణ: లోయర్ ఆర్మ్ బుష్ బోల్టులు ఎప్పుడు బిగించాలి
మొన్న పాత కారు సస్పెన్షన్ పని గురించి రాసినప్పుడు, కొత్త లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది వైపు బండి ఫ్రేముకి కలిపే చెయ్యి లాంటి పార్టు) ఎక్కించాక కారు జాకీ మీద ఉండగానే బుష్ (ఆర్మ్ ఫ్రేముకి కలిసే చోట ఉండే రబ్బరు కీలు) బోల్టులు ఫుల్ టైట్ చేసేయండి అన్నాను కదా, అది తప్పు. పొరపాటు నాదే, సర్వీస్ మాన్యువల్ ఇప్పుడు తీరిగ్గా చదివితే తెలిసింది.

మామూలు రబ్బరు బుష్ బేరింగ్‌లా తిరగదు, లోపలి ఇనప గొట్టానికి రబ్బరు అతుక్కుని ఉంటుంది, చక్రం గాల్లో వేలాడుతుండగా బోల్ట్ బిగిస్తే ఆ గొట్టం అక్కడే లాక్ అయిపోతుంది, కారు కిందికి దించగానే రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది, ఇక త్వరగా చిరగక ఏం చేస్తుంది. నేను వేసిన బుష్ అంచున అప్పుడే గోరు దూరేంత చీలిక వచ్చింది, నేనేమో ఇన్నాళ్లూ పార్టునే తిట్టుకున్నా.

కాబట్టి ముందు బోల్టులు వదులుగా పట్టించి, బండి బరువు చక్రాల మీద పడ్డాక (ర్యాంపు ఉంటే సుఖం) మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కి (ఎంత బిగువుగా తిప్పాలో చెప్పే లెక్క) బిగించాలి. బాల్ జాయింట్ (ఆర్మ్‌కి చక్రం వైపు ఉండే గుండ్రటి కీలు), టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ కదలికను చక్రానికి అందించే కడ్డీ చివరి కీలు) నట్లకి ఈ గొడవ లేదు, గాల్లోనే బిగించొచ్చు. టై రాడ్ ఎండ్ మార్చాక వీల్ అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయించడం) తప్పనిసరి అన్నానే, దాంట్లో మార్పేం లేదు.