ఎడారిలో జారిపోయిన సున్న

ఉయిగుర్, కజక్, కిర్గిజ్ లాంటి తుర్కిక్ భాషల్లో సువాసనకున్న మాట మన తెలుగేనట. మా కాలనీ భాషావేత్త గారు పొద్దున్నే వాకింగ్‌లో తేల్చేశారు. ఉయిగుర్లు 'ఇపార్' అంటారు, మనకు 'ఇంపారు' ఉండనే ఉంది. మధ్యలో సున్న? ఎడారి దాటుతుంటే జారిపోయిందట.

అప్పట్నుంచీ నాకు ఆ సున్న మీదే బెంగ. తక్లమకాన్ ఇసుకలో ఒంటె మీంచి దొర్లిపోయి ఉంటుంది పాపం. బిడారు పెద్ద వెనక్కి చూసి, 'పోనీలే, సున్న లేకపోయినా వాసనొస్తుంది, పదండి' అని ఉంటాడు. ఇంతలో కజక్కులు అడ్డుపడి, 'మాకు జకారం కావాలి' అంటే మూటలోంచి ఒకటి తీసిచ్చి 'జుపార్' చేసి పంపారు. కిర్గిజ్ వాళ్ళు బేరమాడి 'జిపార్' పట్టుకెళ్ళారు. సున్న కోసం వెనక్కెళ్ళిన కుర్రాడు మాత్రం ఇంకా రాలేదు.

భాషాశాస్త్రవేత్తలకి ఇంత తెలివేదీ! ఒకచోట 'య' ఉంటే ఇంకోచోట 'జ' క్రమం తప్పకుండా వస్తోందా అని మాటలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తారు. చూసీ చూసీ, మూలరూపం 'యిపార్' లాంటిది అయ్యుండాలని రాసి, దాని నెత్తిన ఒక చుక్క గుర్తు పెడతారు. ఇది ఎక్కడా దొరికిన రూపం కాదు, మేం ఊహించి కట్టిందని ఆ చుక్కకి అర్థం. అలా ఒప్పేసుకుంటే పరువేం కాను? మా కాలనీ భాషావేత్త గారు చుక్కలు పెట్టరు. అడిగినవాళ్ళకి చూపిస్తారు.

మంగోలియాలో, ఓర్ఖోన్ లోయలో, 735లో బిల్గె కాగన్ అనే తుర్కిక్ రాజు పేర నిలిపిన రాయి ఉంది. ఆయన అంత్యక్రియలకి 500 మంది వచ్చారనీ, ఆ ఊహించిన మూలరూపాన్నే పోలిన 'యిపార్', అంటే సుగంధం, తెచ్చారనీ దానిమీద చెక్కి ఉంది. ఆ వెంటనే 'చింతన్ ఇగాచ్' అని ఉంది. చింతన్ అంటే చందనం! సంస్కృతం నుంచి బయల్దేరి అంతదూరం నడిచిన మన పూజగది మాట. ఆ లిపిని 1893లో థామ్సన్ అనే డేనిష్ పండితుడు కూడబలుక్కుని విప్పితే గానీ ఈ సంగతి లోకానికి తెలియలేదు. అసలు చుట్టరికం రాతిమీద ఉంటే, చదవడానికి ఒళ్ళు వంగదు గానీ, దొంగ చుట్టరికాలు కలపడానికి సిగ్గు లేదేం? ఇది భాషాభిమానమా? ఆ భాషకి పట్టిన చీడ!

ఉండబట్టలేక సాయంత్రం వెళ్ళి ఆయనకి ఈ రాయి సంగతంతా చెప్పాను. 'ఇగాచ్' అంటే చెట్టు, కలప అని కూడా చెప్పాను. ఓపిగ్గా విన్నారు. కళ్ళజోడు తుడుచుకున్నారు.

"చింతన్... చెట్టు... చింతచెట్టే కదండీ!"