గది మధ్యన వేసిన స్టూలు గారికి

మహారాజశ్రీ స్టూలు గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. 1645లో ఇంగ్లండులోని ఎసెక్స్ జిల్లా మానింగ్‌ట్రీలో తమరు చేసిన సేవకు ఎవరూ శాలువా కప్పినట్టు లేదు. పేరంతా మాథ్యూ హాప్కిన్స్ కొట్టేశాడు. చర్చిలో ఆడంబరం గిట్టని ప్యూరిటన్ శాఖ పాస్టరు కొడుకు. 'విచ్‌ఫైండర్ జనరల్', అంటే మంత్రగత్తెలను పట్టే పెద్ద దొర అని తన బిరుదు తనే తగిలించుకున్నాడు. పని చేసింది మాత్రం మీరు.

ఇంగ్లండు చట్టం మహా నాజూకైనది. మంత్రగత్తెనైనా సరే, కోర్టు కోసం హింసించి ఒప్పించకూడదు. కూర్చోబెట్టొచ్చు. "కూర్చో అమ్మా" అనడం హింస ఎలా అవుతుంది చెప్పండి! అందుకని మిమ్మల్ని గది మధ్యన వేసేవారు. ముసలామెను మీ మీద మఠం వేయించి, మాట వినకపోతే తాళ్లతో కట్టి, తిండీ నిద్రా లేకుండా 24 గంటలు చుట్టూ కాపలా కాసేవారు. ఆవిడ పెంచే దయ్యప్పిల్లలు ఆలోగా రక్తం తాగడానికి వస్తాయని నమ్మకం. రావడానికి దారి ఉండాలి కదా, తలుపుకు చిన్న కన్నం కూడా పెట్టేవారు.

వచ్చేది ఏ వేషంలో వస్తుందో తెలీదు. కాబట్టి కాపలావాళ్లు అస్తమానం గది ఊడుస్తూ, సాలీడో ఈగో కనబడితే చంపాలి. చస్తే అది ఈగ. చావకపోతే దయ్యం. ఈగను కొట్టడం చేతకాని ప్రతివాడూ ఆ రాత్రికి సాక్షి అయిపోయేవాడు. ఈ పద్ధతి కనిపెట్టిన బుర్రకు దండం పెట్టాలి, ఓడిపోవడానికి అందులో ఎక్కడా సందు లేదు.

మీ తొలి అతిథుల్లో ఎలిజబెత్ క్లార్క్ ఒకావిడ. ఒంటికాలి ముసలామె, పేదరాలు. జాన్ రివెట్ అనే దర్జీ భార్యకు జబ్బు చేసింది. అతను సోదె చెప్పే ఒకావిడ దగ్గరికి పరిగెత్తాడు. ఇద్దరు పొరుగు ఆడవాళ్ల పని ఇది, అని ఆవిడ తేల్చింది. అంటే మంత్రాలావిడ మాట పట్టుకుని మంత్రగత్తెను పట్టుకున్నారు. రాత్రి మీద రాత్రి జాగారం చేయించాక క్లార్క్ తన దయ్యాలను పేరుపేరునా పిలిచిందట. కాళ్లు లేని స్పానియల్ కుక్క, ఎద్దు తలకాయున్న వేటకుక్క, 'సాక్ అండ్ షుగర్' అనే నల్ల కుందేలు. పంచదార కలిపిన వైను పేరది, కుందేలుకు భలే కుదిరింది! వాటిని కాపలావాళ్లూ కళ్లారా చూశామన్నారు. వాళ్లకూ నిద్ర లేదు మరి. ఆ జులైలో చెల్మ్స్‌ఫర్డ్ కోర్టు తీర్పుతో ఆవిడను ఉరితీశారు.

అప్పటి భక్తుల చిత్తశుద్ధి చూడండి. చర్చి అద్దాల మీద దేవదూతల బొమ్మలుంటే మూఢత్వమని విలియం డౌసింగ్ ఊరూరా తిరిగి పగలగొట్టించాడు. పల్లెజనం చుట్టూ చేరి ఆడిపాడే మేపోల్ స్తంభాలను తీసేయమని 1644లో పార్లమెంటు ఆర్డరేసింది. 1647లో క్రిస్మస్ పండగనే రద్దు చేసింది. ఎద్దుతల కుక్కకు మాత్రం ఏ అభ్యంతరమూ రాలేదు.

అసలు సంగతి ఇంకోటుందని నా అనుమానం. చాలా కేసుల్లో కథ ఒకటే. గుమ్మంలోకొచ్చి కాసిని పాలడిగిన ముసలిదాన్ని పొమ్మంటారు, ఆవిడ ఏదో గొణుక్కుంటూ పోతుంది, తర్వాత ఆవు చస్తుంది. లేదనడం పాపమని బైబిలు చదివినవాడికి లోపల తెలుసు. ఆ పాపం మోయడం కంటే ముసలిదాన్ని మీ మీద కూర్చోబెట్టడం తేలిక. మా వైపు బాణామతి పేరుతో మనుషుల్ని స్తంభాలకు కట్టి పళ్లు రాలగొట్టారని పేపర్లలో చదివినవాళ్లం. ఈ లెక్క మాకు బోధపడనిదేం కాదు.

ఈ వేట ఖర్చు మాత్రం ఊరివాళ్లదే. ఒక్క స్టోమార్కెట్ ఊరే 23 పౌండ్లు కట్టింది. రోజుకు ఆరు పెన్నీల కూలివాడికి అది రెండున్నరేళ్ల సంపాదన. బ్రాండెస్టన్ పాస్టరు జాన్ లోస్‌కు ఎనభై ఏళ్లు. ఆయన్ని కూర్చోనివ్వను కూడా లేదు, ఊపిరాడనంతగా గదిలో పరిగెత్తించారు. ఓడను ముంచానని ఒప్పుకున్నాడు. అదే ఏడాది ఆగస్టులో బరీ సెయింట్ ఎడ్మండ్స్‌లో ఒకే రోజు 18 మందిని ఉరితీశారు, అందులో ఆయనొకడు. అంత్యక్రియల ప్రార్థన తనకు తనే చదువుకున్నాడు.

జాన్ గాల్ అనే పాస్టరు ఈ తంతును ఎండగట్టాడు, జడ్జీలూ ప్రశ్నలు వేశారు. 1647లో హాప్కిన్స్ సంజాయిషీగా ఒక చిన్న పుస్తకం వేశాడు. ఊరికి 20 షిల్లింగులే, అంటే ఒక్క పౌండే తీసుకుంటున్నానన్నాడు. నిద్ర ఆపడం మొదట్లోనేనట, అదీ మేజిస్ట్రేట్లు చెప్తేనేనట. ఆ తర్వాత ఎవరైనా నిద్రపోలేదంటే అది వాళ్ల మొండితనమేనట, వీళ్లు పడుకోమనే అన్నారట.

ఆ గదిలో ఫీజు పుచ్చుకోనిది తమరొక్కరే. పడుకోమని ఎవరన్నారో, ఎప్పుడన్నారో కాస్త రాసి పంపగలరు.

ఇట్లు,
ఈగను కొట్టడం ఇప్పటికీ చేతకాని
ఒక తెలుగు పాఠకుడు