ఎంప్టీల లెక్క సరే, తూటాల లెక్క ఏది?

ఫైరింగ్ ప్రాక్టీసుకు వెళ్లిన కానిస్టేబుల్ తాను పేల్చిన తూటాల ఖాళీ తొడుగులను గడ్డిలో వెతికి మరీ ఏరుకుని తెచ్చి అప్పజెప్పాలి. పోలీసుల మాటలో వాటిని ఎంప్టీలు అంటారు. ఒక్కటి తగ్గినా సంజాయిషీ తప్పదు. అసలు తూటానే కనిపించకుండా పోతే ఉద్యోగం మీదికి వస్తుంది. లైసెన్సు తుపాకీ ఉన్న రైతుదీ ఇదే పరిస్థితి. కొన్న ప్రతి తూటా లైసెన్సు పుస్తకంలోకి ఎక్కాల్సిందే. అంతా సబబే. కానీ ఆ కానిస్టేబుల్‌కు తూటాలు కొనిచ్చే ప్రభుత్వం ఏడాదికి ఎన్ని కొంటోంది? ఎన్ని టియర్ గ్యాస్ షెల్స్, ఎన్ని రబ్బరు బుల్లెట్లు తెప్పిస్తోంది? ఈ లెక్క జనానికి ఎవరు చెబుతున్నారు?

ఈ ప్రశ్న ఇప్పుడెందుకంటే, అమెరికాలో ప్రభుత్వ సంస్థల ఆయుధాల కొనుగోళ్ల మీద మళ్లీ రచ్చ రేగింది. వలసదారులను పట్టుకునే ‘ఐస్’ సంస్థకు అక్కడి పార్లమెంటు (దాన్ని కాంగ్రెస్ అంటారు) 2025లో దాదాపు 7,500 కోట్ల డాలర్లు కేటాయించింది. ఆ సంస్థ ఏ ఆయుధం ఎంతకు కొంటోందో పత్రికలు తవ్వి తీస్తున్నాయి. పిల్లలను అక్కడికి పంపిన మన తల్లిదండ్రులు ఆ వార్తలను టెన్షన్‌తో చదువుతున్నారు. వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసుకుంటున్నారు. ఇక్కడి పోలీసు గోదాముల సంగతి మాత్రం ఎవరికీ పట్టదు.

అమెరికాలో ఈ గొడవ కొత్తది కాదు. 2012లో సోషల్ సెక్యూరిటీ శాఖ, అంటే ముసలివాళ్లకు పింఛన్లు పంచే శాఖ, ఒంట్లో దిగాక విచ్చుకునే రకం తూటాలు 1.74 లక్షలు కొంటానంటే దేశం గగ్గోలు పెట్టింది. మోసాలను దర్యాప్తు చేసే తమ ఏజెంట్లు 295 మంది ఉన్నారని, వాళ్ల ప్రాక్టీసుకే కావాలని ఆ శాఖ చెప్పుకుంది. ఆ వెంటనే హోంలాండ్ సెక్యూరిటీ శాఖ 160 కోట్ల తూటాలు పోగేస్తోందని పుకారు. అందులో సగం కట్టుకథే. దాన్ని ఎలా ఆపారన్నదే మనకు కావాల్సింది. రహస్యమని ఎవరూ తలుపు వేసుకోలేదు. అక్కడి పార్లమెంటుకు జవాబుదారీ అయిన ఆడిట్ సంస్థ వెళ్లి గోదాములు లెక్కగట్టింది. సగటున ఏడాదికి 10.9 కోట్ల తూటాలు కొన్నారని, చేతిలో ఉన్న 15.9 కోట్లు సుమారు 22 నెలలకు సరిపోతాయని 2014 జనవరిలో నివేదిక అచ్చేసింది. దాంతో పుకారు పస చాలావరకు పోయింది.

అమెరికా ఎందుకు, మన సైన్యాన్నే చూడండి. 2017 జులైలో ప్రభుత్వ ఖర్చులను ఆడిట్ చేసే కాగ్ పార్లమెంటు ముందు పెట్టిన నివేదికలో మన ఆర్మీ దగ్గరున్న 152 రకాల మందుగుండులో 61 రకాలు పది రోజుల యుద్ధానికి కూడా చాలవని రాశారు. పాకిస్తాన్ చదివింది, చైనా చదివింది. దేశం మునిగిపోలేదు. సరిహద్దులోని ఫిరంగి గుండ్ల సంగతే బయట పెట్టగలిగినప్పుడు, హైదరాబాద్ ఇందిరా పార్కు దగ్గరి ధర్నా చౌక్‌లో మన మీద పేల్చడానికి కొన్న గ్యాస్ షెల్స్ సంఖ్య దేశ రహస్యం ఎలా అవుతుంది?

పోలీసులకు శిక్షణ కావాలి, మావోయిస్టులతో, ఉగ్రవాదులతో తలపడే దళాల వివరాలు బయట పెట్టకూడదు అంటారు. ఒప్పుకుంటాం. మావోయిస్టులను వేటాడే గ్రేహౌండ్స్ దళం చేతిలో ఏముందో మేం అడగడం లేదు. సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 24(4) అలాంటి నిఘా, భద్రతా సంస్థలను మినహాయించుకునే వీలు రాష్ట్రాలకు ఇచ్చింది. మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణ వస్తే ఆ మినహాయింపు చెల్లదనీ అదే సెక్షన్ చెబుతోంది. మేం అడిగేది ధర్నా చౌక్‌కు వచ్చే షెల్స్ గురించి, జనం మీద ఎక్కుపెట్టే తూటాల గురించి. ఏటా ఎన్ని కొన్నారు, ప్రాక్టీసులో ఎన్ని పోయాయి, జనం మీద ఎన్ని వాడారు, గడువు తీరిన షెల్స్ ఏం చేశారు. మధ్యప్రదేశ్‌లోని టేకన్‌పూర్‌లో బీఎస్ఎఫ్ వాళ్లు 1976 నుంచి టియర్ గ్యాస్ షెల్స్ తయారు చేస్తున్నారు. అమ్మినవాడి దగ్గరా, కొన్నవాడి దగ్గరా కాగితం ఉంటుంది కదా! చెరువులో పూడిక తీయడానికి కూడా టెండరు ప్రకటన ఇచ్చే రాష్ట్రం ఇది.

2025-26 తెలంగాణ బడ్జెట్‌లో హోం శాఖకు 10,188 కోట్లు ఇచ్చారు. అందులో మందుగుండు ఎంత అని సభలో ఎవరైనా నిలదీసిన గుర్తు మాకైతే లేదు. పద్దు వస్తుంది, మూజువాణి ఓటుతో పోతుంది.

అడగాల్సినవాళ్ల చరిత్ర చూడండి. 2000 ఆగస్టు 28న కరెంటు చార్జీల మీద అసెంబ్లీకి బయల్దేరిన జనం మీద బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. అప్పుడు అధికారంలో ఉన్నది తెలుగుదేశం, వీధిలో వామపక్షాల పక్కన ఉన్నది కాంగ్రెస్. 2007లో అదే కాంగ్రెస్ ప్రభుత్వంలో మక్కా మసీదు పేలుడు తర్వాత హైదరాబాద్‌లో కాల్పులు జరిగాయి. రెండు నెలలకే భూమి అడిగినందుకు ముదిగొండలో ఏడుగురిని కాల్చారు. అప్పుడు శవాల దగ్గర కన్నీళ్లు పెట్టడం తెలుగుదేశం వంతైంది. ఇక ఓయూలో గ్యాస్ పొగ మింగిన ఉద్యమంతో అధికారంలోకి వచ్చిన పార్టీ, తొమ్మిదిన్నరేళ్ల పాలనలో షెల్స్ లెక్క చెప్పకపోగా 2017లో ధర్నా చౌక్‌నే మూసేసింది. కోర్టు చెబితే గానీ తెరవలేదు. తూటా తమ వైపు తిరిగినప్పుడే వీళ్లకు అది తూటా. పెట్టె తాళాలు చేతికి రాగానే అది భద్రత!

ఇప్పుడు ప్రభుత్వంలో ఉన్నవాళ్లు, ప్రతిపక్షంలో ఉన్నవాళ్లు ఇద్దరూ ఈ లాఠీలూ షెల్సూ రుచి చూసినవాళ్లే. వచ్చే సమావేశాల్లో హోం పద్దు సభకు వచ్చే రోజు వాకౌట్ చేయకుండా కూర్చోండి. ఎన్ని కొన్నారో అడగండి, జవాబు రికార్డులోకి ఎక్కేదాకా లేవకండి. అదీ చేతకాకపోతే వచ్చే ఆగస్టు 28న బషీర్‌బాగ్ స్తూపం దగ్గరికి దండలు పట్టుకుని రాకండి.